నాలుక లేని కొక్కెం

క్రేను నడపడమంటే బరువులు ఎత్తడమని కొత్తగా పనిలో చేరే పిల్లలు అనుకుంటారు. బరువు ఎత్తేది మోటారు. ఆ బరువు కింద ఎవరున్నారో చూసుకోవడమే మన పని. ఉద్యోగమంతా నేను చేసింది అదే. బెంగుళూరు శివార్లలోని బొమ్మసంద్రలో, ఇనుప రేకును నొక్కి అచ్చుకొట్టే పెద్ద పెద్ద ప్రెస్ యంత్రాలు తయారుచేసే ఒక కార్ఖానాలో, షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేనులో, గాజు అద్దాల చిన్న గదిలో కూర్చుని మనుషుల నడినెత్తులు చూస్తూ బతికాను. ముఖం చూసి గుర్తుపట్టడం కన్నా హెల్మెట్ పెట్టుకున్న తీరు చూసి గుర్తుపట్టడం నాకు సులువు.

మా తాత అనంతపురం వైపు నుంచి మగ్గం పని కోసం ఈ ఊరొచ్చాడు. నాన్న కూడా మగ్గం మీదే కూర్చున్నాడు. దారంతో వేగలేక నేను ఇనుములోకి వచ్చాను. ఇంట్లో మాది పాత బెంగుళూరు తెలుగు, వీధిలో కన్నడం. పనిలో మాత్రం చేతి సైగలే. కింద మోత అంతగా ఉండేది.

మీలో కొందరు ఇలాంటి కార్ఖానాల్లోనే పనిచేస్తుంటారు కాబట్టి కొక్కేల గురించి కాస్త చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. క్రేనుకు వేలాడే పెద్ద కొక్కెం పొట్టేలు కొమ్ముల్లా రెండు వైపులా వంగి ఉంటుంది. బరువు రెండు పక్కలా సమంగా పంచుకుంటుంది. దాని నుంచి గొలుసులు దిగుతాయి. ఒక్కో గొలుసు చివర ఒక్కో కొక్కెం. దాని నోటికి అడ్డంగా స్ప్రింగుతో పనిచేసే చిన్న రేకు ఉంటుంది. మేం దాన్ని నాలుక అంటాం. లోపలికి వెళ్లినది తనంతట తాను బయటికి రాకుండా ఆపేది అదే. గొలుసు మెలిపడకుండా తనే తిరిగే కొక్కెం ఇంకొకటి. గొలుసు పొడవు తగ్గించడానికి ఒక్క లంకెను ఇరుకుగా కరిచి పట్టుకునేది మరొకటి. రేకు చుట్టలను మధ్య రంధ్రంలోంచి ఎత్తడానికి వేరే ఉంది.

ఇవి కాక ఫౌండ్రీ కొక్కెం అని ఒకటుంటుంది. నోరు వెడల్పు, నాలుక ఉండదు. పోతపోసే చోట, కాలే అచ్చుపెట్టెల పిడులకు, మందపాటి చేతి తొడుగులు వేసుకున్న మనిషి చటుక్కున తగిలించి చటుక్కున తీయాలి. అక్కడ నాలుక ఉంటే ఇబ్బంది. అందుకని లేకుండా చేస్తారు. ఆ పని కోసం అది మంచి కొక్కెమే. తప్పు కొక్కెంలో ఎప్పుడూ ఉండదు.

నా కింద గొలుసులు కట్టి సైగలిచ్చేవాడు మదనపల్లె వైపు మనిషి. నా వయసువాడే. ఊరికి ఆ చివర కాడుగోడిలో రెండు గదుల అద్దె ఇంట్లో భార్యతో ఉండేవాడు. అంత దూరం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. ఆయన మోచేయి నిటారుగా పెట్టి చూపుడువేలితో గాలిలో చిన్న సున్నా చుడితే ఎత్తాలి. అరచేయి చాపితే ఆగాలి. సున్నా ఎంత నెమ్మదిగా చుడితే నేనంత నెమ్మదిగా ఎత్తేవాణ్ని. చాలా ఏళ్ల కాపురంలో కూడా అంత అర్థం చేసుకోవడం ఉంటుందో ఉండదో. మధ్యాహ్నం ఇద్దరం ఒక్కచోటే తినేవాళ్లం. ఆయన భార్య పంపే రాగిముద్దలో సగం నాది.

ఒక్క తేడా ఉండేది. నేను పర్మనెంటు. ఆయన కాంట్రాక్టు. ఎప్పుడు అడిగినా "వచ్చే ఏడాది చూద్దాం" అనేవాళ్లు. ఆ వచ్చే ఏడాది ఎన్నిసార్లు వచ్చి వెళ్లిందో ఆయనే లెక్క మానేశాడు.

ఆ రోజు ఉదయం షిఫ్టు. ఒక ప్రెస్సు అడుగుభాగం, అంటే యంత్రమంతా కూర్చునే పోత ఇనుప దిమ్మ, ట్రైలర్ మీదకు ఎక్కించాలి. నేను పైనుంచి గొలుసులు దించాను. కింద మామూలుగా నాలుగు కొక్కేలు ఒక్కసారి మెరుస్తాయి. ఆ రోజు మెరుపులో తేడా కనిపించింది. నోళ్లు బార్లా తెరిచి ఉన్నాయి. గొలుసులు మార్చారు. అవి పక్క షెడ్డులోని పోత విభాగానివి.

కారణం తర్వాత తెలిసింది. ఆ దిమ్మకు ఎత్తడానికి పెట్టిన చెవులు మామూలు కన్నా మందంగా ఉన్నాయట. మా కొక్కేల నోట్లో పట్టలేదు. అలాంటప్పుడు ఆ చెవిలోంచి షాకిల్, అంటే గుర్రపు నాడా ఆకారపు ఇనుప కడియం, వేసి, బోల్టు బిగించి, దానికి గొలుసు తగిలించాలి. అంత పెద్ద షాకిళ్లు మా దగ్గర ఉన్నాయి కూడా. స్టోరులో. స్టోరు మనిషి ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగడం మేనేజరుకు ఇష్టం లేదు.

మా ప్రొడక్షన్ మేనేజరు ఆంధ్ర నుంచి వచ్చినవాడు. చదువుకున్నవాడు, చురుకైనవాడు. చెడ్డవాడని అప్పటిదాకా నేను అనుకోలేదు. ఇప్పుడు కూడా ఆ మాట సరిపోతుందో లేదో తెలియదు. చెడ్డవాళ్లకు చెడు చేస్తున్నామని తెలుస్తుందంటారు. ఈయనకు ఆ బాధ లేదు.

నేను క్రేను ఆపి నిచ్చెన దిగి కిందికి వచ్చాను. గొలుసులు కట్టే నా మిత్రుడు దిమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అన్నాడు.

"చూసినావా అప్పా? నాలుక లేని వాటితో ఎత్తాలంట. షాకిల్ తెప్పిద్దాం సార్ అని చెప్తే ఇనడం లేదు."

మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. "చూడండి, ఈ ట్రైలర్ ఇప్పుడు గేట్ దాటకపోతే హోసూర్ రోడ్ మీద హెవీ వెహికల్స్ ఆపేస్తారు. మళ్లీ మధ్యాహ్నమే. క్లయింట్ సైట్‌లో ఫౌండేషన్ రెడీ చేసుకుని వెయిట్ చేస్తున్నారు. ఒక్క లిఫ్ట్ కదండీ. లోడ్ మీద ఉన్నంతసేపూ గొలుసు టైట్‌గానే ఉంటుంది. హుక్ ఎక్కడికి పోతుంది?"

"టైటుగా ఉన్నంతసేపు పోదు సార్," అన్నాను. "ట్రైలర్ మింద దించినప్పుడు గొలుసు వదులైతాది. సరిగా కుదరలేదని మళ్లీ ఎత్తాల్సి వస్తే? అప్పుడు కొక్కెం జారి కొనమింద కూచుంటాది. కింద నిలబడినోడికి తెలీదు, పైనున్న నాకూ తెలీదు."

"అలా జరగకుండా చూసుకోవడానికే కదా మీరు ఉన్నది?"

"అందుకే ఎత్తనంటా ఉండా."

ఆయన మిత్రుడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఎప్పుడైనా వీటితో ఎత్తావా లేదా?"

పోత విభాగంలో సాయానికి వెళ్లినప్పుడు ఎత్తాడు. అందరూ ఎత్తారు. మిత్రుడు అదే చెప్పాడు, నేలవైపు చూస్తూ. "ఎత్తినాను సార్. ఆడ వేరే."

"మరి ఇక్కడేం ప్రాబ్లం?"

మిత్రుడు నా వైపు చూడలేదు. గొలుసు చివర పట్టుకుని దిమ్మ చెవికి తగిలించడం మొదలుపెట్టాడు. నేను దగ్గరికి వెళ్లి భుజం పట్టుకున్నాను.

"వదిలేయప్పా. నేను ఎత్తను కదా, నువ్వు కట్టి ఏం చేస్తావు?"

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు పర్మనెంటు. వద్దంటే నిచ్చెన దిగి వచ్చినావు. నేను యాడికి దిగేది?"

భుజం మీంచి చేయి తీసేశాను.

నేను మళ్లీ పైకెక్కి మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగాను. భద్రతాధికారి గది షెడ్డు బయట, ఆఫీసు మేడ మీద ఉంటుంది. ఆయనకు చెబితే ఆగుతుందని వెళ్లాను. ఆయన మీటింగులో ఉన్నాడు. తలుపు బయట నిలబడ్డాను. రెండో తాళంచెవి మేనేజరు గదిలో ఉంటుందని నాకు తెలుసు. దాన్ని తెప్పించి, మరమ్మతుల విభాగం నుంచి ఒక ఫిట్టరును పిలిపించి, కిందనుంచే క్రేను నడిపే రిమోటు చేతికిచ్చి ఎత్తిస్తాడని మాత్రం అనుకోలేదు. మనిషి కాసేపు కోప్పడి చల్లారతాడనుకున్నాను.

ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు షెడ్డులో రోజంతా వినిపిస్తుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ చప్పుడు తర్వాత షెడ్డు మొత్తం నిశ్శబ్దమైతే మాత్రం ప్రతివాడూ పరిగెత్తుతాడు. భద్రతాధికారి మీటింగు మధ్యలో లేచి వచ్చాడు. ఇద్దరం కలిసే పరిగెత్తాం.

నేను భయపడినట్టే జరిగింది. దిమ్మను ట్రైలర్ మీద దించారు, వంకరగా కూర్చుంది. గొలుసులు వదులయ్యాయి. సరిచేద్దామని మళ్లీ ఎత్తారు. అప్పటికే ఒక కొక్కెం జారి, కొన మాత్రమే చెవి అంచున ఆని ఉంది. జానెడు లేచిందో లేదో అది ఊడింది. దిమ్మ ఆ పక్కకు ఒరిగి ఊగింది. ట్రైలర్ అంచుకూ దిమ్మకూ మధ్య మిత్రుడి కుడికాలు ఉంది.

నేను వెళ్లేసరికి ఆయనకు స్పృహ ఉంది. అరవడం లేదు. అరచేయి చాపి, ఆగమనే సైగ ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. పైన గాజు గదిలో నేను లేను. ఆ సైగ చూడాల్సినవాణ్ని, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఆ చేయి మెల్లగా కిందికి దించాను.

కాలు తీసేశారు. మోకాలి పైదాకా.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. గది గుమ్మంలో ఆయన భార్య అడ్డంగా నిలబడింది. అంతకుముందు ఎన్నోసార్లు వాళ్లింట్లో తిన్నాను. ఆమె నన్ను 'అన్నా' అనేది. ఆరోజు అనలేదు.

"ఆయన కాలు తీసినారు. నువ్వు మాత్రం రెండు కాళ్లమింద బాగా దిగిపోయినావే. నువ్వు పైనుంటే ఇట్ల అయ్యుండేదా? కోపమొచ్చిందంట, వదిలేసి పోయినావంట. చేతగానోడితో ఎత్తించినారంట."

"ఎవరు చెప్పినారమ్మా?"

"ఎవరు చెప్తే ఏమి? నిజం కాదా?"

లోపల మంచం మీద మిత్రుడు మెలకువగానే ఉన్నాడు. మా మాటలు వినిపించేంత దగ్గరలో. కళ్లు మూసుకున్నాడు. మంచం పక్కన పండ్ల బుట్ట ఉంది. అప్పటికే మేనేజరు వచ్చి వెళ్లాడని ఆ బుట్ట చూసి తెలుసుకున్నాను.

విచారణ జరిగింది. బయటివాళ్లు కూడా వచ్చి అడిగి వెళ్లారు. ఫిట్టరు తనకు చెప్పింది చేశానన్నాడు. అది నిజమే. మేనేజరు, అనుభవం ఉన్న ఆపరేటరు ఆవేశంలో క్రేనుకు తాళం వేసి వెళ్లిపోవడం వల్ల పని అనుభవం లేని చేతుల్లో పడిందన్నాడు. అందులోనూ ఒక్క ముక్క అబద్ధం లేదు, ఆవేశం తప్ప. కొక్కేల గురించి నేను చెప్పింది రాసుకున్నారు. మిత్రుణ్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి అడిగారు: కొక్కేలు సరైనవి కావని ఆపరేటరు మీ ముందు చెప్పాడా?

ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "కొక్కేల మాట నా ముందర రాలేదు సార్. వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆయప్ప దిగిపోయినాడు."

నేను లేచి నిలబడ్డాను. ఏమో అనబోయాను కూడా. చక్రాల కుర్చీ మీద ఖాళీ ప్యాంటు కాలు మడిచి పిన్నుతో గుచ్చి ఉంది. కూర్చున్నాను.

తర్వాత సంగతులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆయన వైద్యమంతా కంపెనీయే చూసుకుంది. ఆయన భార్యకు మా క్యాంటీనులో ఉద్యోగం ఇచ్చారు, పర్మనెంటుగా. ఆయనకు అన్నేళ్లు దొరకనిది ఆమెకు ఆయన కాలు పోగానే దొరికింది. నన్ను క్రేను నుంచి తప్పించి స్క్రాపు యార్డు గేటు దగ్గర వేశారు. యూనియన్ నాయకుణ్ని కలిస్తే, "ఉద్యోగం పోలేదు కదా, సుమ్నే, గమ్మున ఉండప్పా. అవతల వాడే నీకు సాక్షి చెప్పలేదు. మేం ఏ మొగంతో మాట్లాడేది?" అన్నాడు. న్యాయంగానే అన్నాడు.

మేనేజరు కొంతకాలానికి పదోన్నతి మీద వేరే కంపెనీకి వెళ్లాడు. ఇప్పుడు కార్మికుల భద్రత మీద ఉపన్యాసాలు ఇస్తుంటాడని విన్నాను. బాగా చెబుతాడట. అనుభవం ఉంది కదా.

స్క్రాపు యార్డులో పని కష్టమేం కాదు. తుక్కు లారీలు వస్తాయి, పోతాయి. మధ్యాహ్నం క్యాంటీనులో వరసలో నిలబడటమే కష్టం. వడ్డించే దగ్గర ఆమె ఉండేది. నా ముందువాడికి సాంబారు పోసేది. నా పళ్లెం రాగానే గరిటె గిన్నెలో పెట్టేసి పక్కకు జరిగేది. పక్కనున్న ఇంకొకామె వచ్చి పోసేది. నా వెనకవాడి పళ్లెం రాగానే ఈమె మళ్లీ గరిటె అందుకునేది. తిట్టలేదు, కసురుకోలేదు. ప్రతిరోజూ, నేను రిటైరయ్యేదాకా, అంతే. వరసలోని కుర్రాళ్లు మొదట్లో నవ్వుకునేవాళ్లు. తర్వాత వాళ్లకు అలవాటైపోయింది. నాకు కాలేదు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవచ్చు కదా అని మా ఆవిడ అనేది. తెచ్చుకుంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు అవుతుందని మొండిగా అక్కడే తిన్నాను. ఆ మొండితనం వల్ల ఎవరికి ఏం ఒరిగిందో నాకు తెలియదు.

మిత్రుణ్ని మళ్లీ కలవలేదు. కలవకూడదనే అనుకున్నాను. ఒంటికాలి మనిషి మీద కోపం పెట్టుకోవడం సిగ్గుగా ఉండేది. కోపం పెట్టుకోకుండా ఉండటం చేతనయ్యేది కాదు.

రిటైరయ్యాక ఒకరోజు ఆయన నుంచి ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టాను కానీ ఎవరని అడిగాను.

"నేనే అప్పా. ఒక్కసారి ఇంటికొచ్చి పో. ఏమీ అడగను. ఊరికే రా."

వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. ఇప్పుడు కాడుగోడి దాకా మెట్రో ఉంది. ఆయన రెండు బస్సులు మారి వచ్చిన దూరం చల్లటి బోగీలో కూర్చుని దాటాను. వాళ్లు అదే వీధిలో ఉన్నారు. చుట్టూ మేడలు లేచాయి. వాళ్లవి అవే రెండు గదులు.

తలుపు తీసింది ఆమె. నన్ను చూసి ముఖం గట్టిపడింది. లోపలి నుంచి ఆయన, "నేనే రమ్మన్నాను, రానీ," అన్నాడు. కృత్రిమ కాలు గోడకు ఆనించి ఉంది. ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చాలా సన్నబడ్డాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె వంటగది గుమ్మంలో నిలబడింది.

"క్యాంటీను బయటోళ్లకు ఇచ్చేసినారంట," అన్నాడు ఆయన. "ఈమెను పొమ్మన్నారు."

"ఎప్పుడు?"

"పోయిన నెల." భార్య వైపు చూశాడు. "ఇట్ల రా. నువ్వు కూడా ఇను."

చెప్పాడు. మొత్తం చెప్పాడు. కొక్కేలకు నాలుక లేదని తను అన్నది, నేను దిగి వచ్చి వద్దన్నది, తన భుజం పట్టుకుని వదిలేయమన్నది, క్రేనుకు తాళం వేసింది. ఆసుపత్రిలో మేనేజరు మంచం పక్కన కూర్చుని, "మీ మిసెస్‌కి ఏదైనా పర్మనెంట్‌గా చూద్దాం, ముందు ఈ ఎంక్వైరీ స్మూత్‌గా అవనీ" అన్నది. విచారణ గదిలో తను అన్నది. ఒక్కటి కూడా వదల్లేదు, తన వైపు తిప్పుకోలేదు. అంత చక్కగా విచారణలో ఎవరూ చెప్పలేదు. నేను కూడా.

"అప్పుడు చెప్పింటే ఈమెకు పని రాదు," అన్నాడు చివర. "ఇప్పుడు ఆ పనే లేదు."

నాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ నేననుకున్నంత లేదు. పోయేదేమీ మిగలనప్పుడు బయటికొచ్చిన నిజాన్ని చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తెలియలేదు. ఎవరికి చెప్పాలి? మేనేజరు లేడు, ఆ విచారణ చేసినవాళ్లు లేరు, నా ఉద్యోగమూ లేదు. కాసేపు ఆయన కాలి నొప్పి గురించి మాట్లాడుకున్నాం. లేని కాలు దురద పెడుతుందన్నాడు. విన్నాను.

ఆమె అంతసేపూ గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి మొగుడితో ఒక్కటే అంది. "ఇన్నేండ్లు ఈ మనిషిని నాతో దూరం పెట్టించినావే. ఒక్కనాడన్నా నోరు తెరిచినావా?" ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నేను లేచాను. ఉండమని ఎవరూ అనలేదు. వీధి చివరిదాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడు. ఆమె. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎదురుగా వచ్చి నిలబడింది. క్షమించమని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడిగితే ఏమనాలో నాకు తెలియదు.

"దినామూ నా ముందరికి పళ్లెం పట్టుకొని వస్తా ఉంటివి," అంది. "నువ్వన్నా ఒక్క మాట ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్పింటే నమ్మేదానివా తల్లీ?"

పక్కనుంచి ఆటోలు పోతున్నాయి. ఆమె నిజంగానే ఆలోచించింది.

"లేదన్నా," అంది. "నమ్మేదాన్ని కాదు."

ఆ కాలు గురించి నేను ఎందరినో ఎన్నో అడిగాను. అడిగిన చోటే, అడిగిన పూటే నిజం జవాబుగా దొరికింది ఆ ఒక్కసారే.